డెన్మార్క్ రక్షణ మినహాయింపు

ఐరోపా సమాఖ్య (ఈయూ) దేశాలు కలిసికట్టుగా ఆయుధాలు తయారుచేసుకునే ఏర్పాట్లకు డెన్మార్క్ చాలాకాలం దూరంగా ఉంది. డబ్బు లేక కాదు, పరిశ్రమ లేకా కాదు. 1975లోనే నార్వే, బెల్జియం, నెదర్లాండ్స్‌తో కలిసి అమెరికా ఎఫ్-16 విమానాలను కొన్న దేశమది. నాలుగు దేశాలూ తీసుకున్న 348 విమానాల్లో దాని వాటా 58. డెన్మార్క్‌కు చెందిన టెర్మా సంస్థ ఇప్పుడు ఎఫ్-35 భాగాలు తయారుచేస్తోంది.

అడ్డుపడింది రాజ్యాంగంలోని 20వ సెక్షన్. దేశాధికారాలను అంతర్జాతీయ సంస్థకు అప్పగించాలంటే పార్లమెంటులో ఆరింట అయిదు వంతుల బలం, అంటే 179 మందిలో 150 మంది మద్దతు ఉండాలి. లేదంటే ప్రజల తీర్పు కోరాలి. 1992లో ఐరోపా సమాఖ్యకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందానికి సభలో 130 మంది ఔనన్నారు, 25 మంది కాదన్నారు. అంత ఆధిక్యం కూడా చాలలేదు. జూన్ 2న రెఫరెండం జరిగితే 50.7 శాతం మంది ఒప్పందాన్ని తోసిపుచ్చారు. డిసెంబరులో ఎడిన్‌బరోలో డెన్మార్క్‌కు నాలుగు మినహాయింపులు ఇచ్చారు, వాటిలో రక్షణ ఒకటి. ఆ హామీతోనే 1993 మేలో 56.7 శాతం మంది ఒప్పుకున్నారు.

2004లో ఆయుధ సహకారం కోసం యూరోపియన్ డిఫెన్స్ ఏజెన్సీ ఏర్పడినప్పుడు ఈ మినహాయింపు వల్ల డెన్మార్క్ బయటే ఉండిపోయింది. నార్వే సంగతి చూడండి. 1972లోనూ 1994లోనూ సమాఖ్యలో చేరేది లేదని ఆ దేశ ఓటర్లు తేల్చిచెప్పారు. అయినా 2006లో అదే ఏజెన్సీతో నార్వే సహకార ఒప్పందం కుదుర్చుకుంది. సభ్యదేశానికి లేని వెసులుబాటు సభ్యత్వం లేని పొరుగుదేశానికి దక్కింది! ఈ చరిత్రలో అన్నిటికన్నా గమనించదగినది ఇదే.

అయితే మినహాయింపు వర్తించింది ఒప్పందంలోని రక్షణ విధానానికే. 2021లో దాదాపు 800 కోట్ల యూరోలతో మొదలైన యూరోపియన్ డిఫెన్స్ ఫండ్ పరిశ్రమ, పరిశోధన అధికరణాల మీద నిలబడింది కాబట్టి డెన్మార్క్ కంపెనీలకు అందులో అడ్డు లేకపోయింది.

మినహాయింపును ఎత్తేయాలంటే మళ్లీ ప్రజలనే అడగాలి. 2000లో యూరో కరెన్సీ మీద, 2015లో న్యాయ వ్యవహారాల మీద అడిగి ప్రభుత్వాలు రెండుసార్లూ ఓడిపోయాయి. రక్షణ జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ చాలలేదు. ఉక్రెయిన్‌పై రష్యా దాడితో ఆ పరిస్థితి మారింది. 2022 మార్చి 6న అయిదు పార్టీలు ఒక్కమాట మీదికొచ్చాయి. జూన్ 1న 66.9 శాతం ఓటర్లు మినహాయింపును రద్దుచేశారు.

2023 మార్చిలో డెన్మార్క్ డిఫెన్స్ ఏజెన్సీలోను, మేలో పెస్కో అనే సైనిక సహకార వ్యవస్థలోను చేరింది. దాంతో పెస్కోకు వెలుపల మిగిలిన సమాఖ్య దేశం మాల్టా ఒక్కటే. తటస్థంగా ఉండాలని ఆ దేశ రాజ్యాంగంలో 1987లోనే రాసుకున్నారు.