జెట్‌ఫైర్ నుంచి సాబ్ దాకా

1962లో అమెరికాలోని ఓల్డ్స్‌మొబైల్ సంస్థ జెట్‌ఫైర్ కారును అమ్మకానికి పెట్టింది. 3.5 లీటర్ల వి8 ఇంజన్, దానికి టర్బో, 215 హార్స్‌పవర్. మామూలు కొనుగోలుదారుడి చేతికి టర్బో అందిన తొలి కార్లలో ఇదొకటి.

చిక్కల్లా కంప్రెషన్‌తోనే. ఆ ఇంజన్‌లో దాని నిష్పత్తి 10.25:1. అంత ఒత్తిడికి తోడు టర్బో మరింత గాలిని కుక్కితే, వేడికి పెట్రోలు అదుపు తప్పి మండుతుంది. ఈ నాకింగే పిస్టన్లను పగలగొడుతుంది. అందుకే ఇంజనీర్లు డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని లోపలికి చిమ్మించారు. అది అయిపోతే బూస్ట్, అంటే టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి, తగ్గిపోయేది. చాలామంది ఆ ట్యాంకు నింపనేలేదు! 1963తో జెట్‌ఫైర్ కథ ముగిసింది. తర్వాత కంపెనీయే టర్బో విప్పేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది.

ఆ పాఠం ఉన్నా, ఇంజన్ ట్యూనింగ్‌కు కొత్తవారు నేటికీ ముందు బూస్ట్ మీదే చెయ్యి వేస్తారు. నిజానికి పెట్రోలు ఆక్టేన్, లోపలికి వెళ్లే గాలి వేడి, స్పార్క్ టైమింగ్ చూసుకున్నాకే దాని జోలికి వెళ్లాలి.

స్వీడన్‌లోని సాబ్ కార్ల సంస్థ ఇంజనీర్లు కూడా బూస్ట్ వెంట పడలేదు. 1977లో చూపించిన 99 టర్బోలో కంప్రెషన్ తగ్గించి, అదనపు ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్‌తో బూస్ట్‌కు హద్దు పెట్టారు. 145 హార్స్‌పవరే అయినా రోజువారీ ప్రయాణానికి పనికొచ్చిన కారు అది. జెట్‌ఫైర్ కంటే గొప్ప విజయం. 1980ల తొలినాళ్లలో వారి ఏపీసీ వ్యవస్థ నాకింగ్‌ను సెన్సర్‌తో పసిగట్టి, బూస్ట్‌ను తనంతట తానే తగ్గించడం మొదలుపెట్టింది.