పిడుదుల నిఘా: బ్యాక్టీరియా జ్వరాల జాడ పట్టిన చరిత్ర

పొదల్లో, గడ్డిలో, పశువుల మీద, కుక్కల మీద ఉండే పిడుదులను ఒక పద్ధతి ప్రకారం సేకరించి, మనుషులకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా వాటిలో ఉందేమో పరీక్షించడాన్ని పిడుదుల నిఘా అంటారు. ఎంతమంది జబ్బుపడ్డారో ఆసుపత్రుల లెక్కలు చెబుతాయి. ఆ జబ్బు ఏ పొదల్లో పొంచి ఉందో, ఏ నెలల్లో ముప్పు ఎక్కువో తెలియాలంటే పిడుదులనే పట్టి చూడాలి.

పిడుదులు జబ్బును మోస్తాయని మొదట రుజువైంది పశువుల విషయంలో. టెక్సాస్ పశు జ్వరం వాటివల్లే వ్యాపిస్తోందని 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ తేల్చారు. దానికి కారణం బ్యాక్టీరియా కాదు, ఏకకణ పరాన్నజీవి. మనుషుల జబ్బుల వైపు చూపు మళ్లింది అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బిటర్‌రూట్ లోయ వల్ల. ఏటా వసంతంలో అక్కడ ఒంటినిండా మచ్చలతో ఒక జ్వరం వచ్చేది. సోకినవారిలో 70 శాతం దాకా చనిపోయేవారు. 1906లో హోవర్డ్ రికెట్స్ రోగుల రక్తాన్ని గినీ పందులకు ఎక్కించి, వాటి మీద పిడుదులను వదిలి, ఆ పిడుదులు ఆరోగ్యంగా ఉన్న గినీ పందులకు జ్వరం అంటించడం చూపాడు. తల్లి పిడుదు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకూ సూక్ష్మజీవి చేరుతుందని గమనించాడు. అంటే జంతువుల్లో జబ్బు కనబడని ఏడాదిలోనూ అది పిడుదుల్లో నిలిచి ఉండగలదు. మరో జ్వరాన్ని పరిశోధిస్తూ 1910లో మెక్సికో నగరంలో రికెట్స్ మరణించాడు. బిటర్‌రూట్ లోయలో వచ్చిన ఆ జ్వరానికి, అంటే రాకీ పర్వత మచ్చల జ్వరానికి, కారణమైన బ్యాక్టీరియాకు ఆయన పేరే పెట్టారు.

ఆ లోయలోనే 1920లలో రాల్ఫ్ పార్కర్, రోస్కో స్పెన్సర్ పాడుపడిన బడి భవనంలో ప్రయోగశాల పెట్టారు. తెల్లని ఫ్లానెల్ గుడ్డను పొదల మీదుగా ఈడ్చి, దానికి అంటుకున్న పిడుదులను ఏరేవారు. వారికి ఒక వింత కనిపించింది. చలికాలం గడిపి ఆకలితో ఉన్న పిడుదులను నూరి గినీ పందులకు ఎక్కిస్తే జ్వరం రాలేదు. అలాంటి పిడుదులకే ముందు రక్తం తాగించి, తర్వాత నూరి ఎక్కిస్తే జ్వరం వచ్చింది. పిడుదును ఏ స్థితిలో పట్టారన్నది చూడకుండా ఫలితాన్ని నమ్మకూడదని అప్పుడే తెలిసింది. నూరిన పిడుదులతోనే టీకా తయారుచేసి, 1924లో స్పెన్సర్ తానే వేయించుకున్నాడు. మచ్చల జ్వరం పరిశోధనలో అంతకుముందు ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. వారిలో 1912లో మరణించిన థామస్ మెక్‌క్లింటిక్ ఒకరు. 1928లో హామిల్టన్ పట్టణంలో కొత్త ప్రయోగశాల కట్టినప్పుడు, పిడుదులు తప్పించుకుని పోతాయన్న జనం భయం తీర్చడానికి చుట్టూ నీటి కాలువ తవ్వారు.

నిఘా అసలు ఫలం అనుకోకుండా దొరికినవాటిలోనే ఉంది. 1935లో నైన్‌మైల్ అనే చోట సేకరించిన పిడుదులు గినీ పందులకు తెచ్చిన జ్వరం మచ్చల జ్వరం కాదని గోర్డన్ డేవిస్ గుర్తించాడు. అదే కాలంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కబేళా కార్మికుల్లో డెరిక్ వర్ణించిన క్యూ జ్వరమూ ఇదీ ఒకటేనని తర్వాత తేలింది. ఇక రికెట్సియా పార్కరీ అనే బ్యాక్టీరియా కథ మరీ ఆశ్చర్యకరం. 1930లలోనే పార్కర్ దాన్ని గల్ఫ్ తీరపు పిడుదుల్లో పట్టుకున్నాడు. అది మనుషులకు సోకుతుందని నిర్ధారించే తొలి కేసు ప్రచురితమైంది మాత్రం 2004లో. బొరీలియా మియామోటోయ్ కూడా అంతే. 1995లో జపాన్ పిడుదుల్లో కనబడింది, 2011లో రష్యా రోగుల్లో బయటపడింది. పిడుదులు ముందే చెప్పిన మాటను వైద్యం ఆలస్యంగా వింది.

లైమ్ వ్యాధి విషయంలో దారి తిరగబడింది. 1975 నుంచి కనెక్టికట్‌లో రోగులు కనబడుతున్నారు, కారణం మాత్రం చిక్కలేదు. 1981లో విలీ బర్గ్‌డార్ఫర్ హామిల్టన్‌లో కూర్చుని, న్యూయార్క్ రాష్ట్రంలోని షెల్టర్ ద్వీపం నుంచి హోర్హే బెనాక్ పంపిన పిడుదులను మచ్చల జ్వరపు బ్యాక్టీరియా కోసం పరీక్షిస్తున్నాడు. పిడుదు కాలి కొన కత్తిరించి, కారిన చుక్కను గాజు పలక మీద పూసి రంగు వేసి చూడటం ఆయన పద్ధతి. వెతికింది దొరకలేదు. రెండు పిడుదుల్లో మాత్రం సన్నని పురుగుల పిల్లలు కనిపించాయి. దాంతో కడుపు చీల్చి పేగు పరిశీలిస్తే స్పైరోకీట్లు అనే మెలికలు తిరిగిన బ్యాక్టీరియా బయటపడ్డాయి. ఆ పిడుదుల్లో సుమారు 60 శాతంలో అవి ఉన్నాయి. లైమ్ వ్యాధికి కారణం అవేనని తేలింది. 1984లో వాటికి బొరీలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు పెట్టారు.

గినీ పందుల స్థానంలోకి తర్వాత బ్యాక్టీరియా డీఎన్‌ఏను పట్టే పీసీఆర్, ఆపై జన్యుక్రమ పరీక్షలు వచ్చాయి. గుడ్డ ఈడ్చడం మాత్రం మారలేదు. అమెరికాలో ఒక కౌంటీలో ఏడాది లోపు ఒకే దశకు చెందిన ఆరు పిడుదులు గానీ, ఒకటికి మించిన దశలు గానీ దొరికితే లైమ్ వ్యాధిని మోసే నల్లకాళ్ల పిడుదు అక్కడ స్థిరపడినట్లు లెక్క. లార్వాకూ పెద్ద పిడుదుకూ మధ్య ఉండే, గసగసాల గింజంత నింఫ్ దశ మీద ఎక్కువ దృష్టి పెడతారు. అది కరిచినా తెలియదు, అందుకే జబ్బు ఎక్కువగా దానివల్లే అంటుతుంది. ఇన్ని చదరపు మీటర్లలో ఎన్ని నింఫ్‌లు, వాటిలో ఎన్నింటికి బ్యాక్టీరియా ఉంది అన్న రెండు అంకెలను గుణిస్తే ఆ ప్రాంతపు ముప్పు అంచనాకు వస్తుంది. బ్రిటన్, కెనడాల్లో జనం పంపే పిడుదులనూ పరిశీలిస్తారు.

అయితే పిడుదుకు పీసీఆర్‌లో పాజిటివ్ వస్తే మనిషికి జబ్బు వచ్చినట్టు కాదు. నల్లకాళ్ల పిడుదుల్లో తరచూ కనబడే రికెట్సియా బుక్నెరి మనుషులకు హాని చేసినట్టు ఆధారాల్లేవు. కరిచిన పిడుదును పరీక్ష చేయించి దాని ఆధారంగా చికిత్స నిర్ణయించవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతున్నది కూడా ఇందుకే.

భారతదేశంలో పిడుదుల టైఫస్ గురించి మెగా అనే వైద్యుడు 1921లో రాశాడు. రికెట్సియా కోనోరీకి చెందిన ఈ రకాన్ని మోసేది ఊళ్లలో, ఇళ్లలో తిరిగే కుక్కల మీది గోధుమరంగు పిడుదు. 1957లో కర్ణాటకలో బయటపడిన క్యాసనూర్ అడవి వ్యాధి కోసమూ పిడుదులను ఏరుతున్నారు, కానీ దానికి కారణం వైరస్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కనిపించే స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియాదే అయినా, దాన్ని అంటించేది పిడుదు కాదు, చిగ్గర్ అనే నల్లి లార్వా. దాని నిఘా కోసం ఎలుకలను బోనులో పట్టి, వాటి చెవుల్లో అంటుకున్న లార్వాలను ఏరాలి.