కోట చూడ్డానికొచ్చినోళ్లకు

స్పెయిన్‌లో గ్రనడా అనే ఊరుంది. ఒక్క రోజులో చూసెయ్యొచ్చని టూరిస్టు పుస్తకాలు చెప్తాయి. పొద్దున అల్‌హంబ్రా కోట. అరబ్బీలో ‘అల్ హమ్రా’ అంటే ఎర్రనిది. చలువ మండపాలు, నీళ్ల కాలువలు, గోడల నిండా చెక్కిన అరబ్బీ అక్షరాలు. మధ్యాహ్నం అల్‌బైసిన్ వాడలో ఇరుకు సందులు, పాత హమామ్. సాయంత్రం ఏ హోటల్లో కూచుని తాగడానికి ఏదడిగినా పక్కన చిన్న పళ్లెంలో తినడానికేదో ఊరికే పెడతారు. దాన్ని టపా అంటారు. ఉప్పులో ఆరబెట్టిన పంది తొడ మాంసం అందులో తరచూ కనిపిస్తుంది. ఏటా ఇరవై లక్షల మందికి పైగా ఆ కోట చూసిపోతారు.

చూసినోళ్లంతా కట్టడం బాగుందంటారు. కట్టినోళ్లేమయ్యారని అడిగేవాళ్లు తక్కువ.

1492 జనవరి 2న గ్రనడా ఆఖరి సుల్తాన్ అబూ అబ్దుల్లా కోట తాళాలు అప్పజెప్పాడు. మీ మతం జోలికి, మీ మసీదుల జోలికి రామని గెలిచిన రాజూ రాణీ ఒప్పందం రాసిచ్చారు. పదేళ్లు నిలవలేదు ఆ మాట. నడిబజార్లో అరబ్బీ పుస్తకాలు తగలబెట్టారు. 1502లో మతమన్నా మారండి, దేశమన్నా వదలండి అన్నారు. మారారు. మారినా నమ్మలేదు. 1567లో ఇంకో హుకుం. అరబ్బీ మాట్లాడకూడదు. అరబ్బీ పేర్లుండకూడదు. ఆ బట్టలు కట్టకూడదు. హమామ్‌లలో స్నానం చెయ్యకూడదు. శుక్రవారం ఇళ్ల తలుపులు తీసే ఉంచాలి, లోపల నమాజు చేస్తున్నారేమోనని! ఎవరింట్లో పంది మాంసం వండరో, ఎవరు పంది కొవ్వు బదులు ఆలివ్ నూనె వాడతారో, అదే మతన్యాయస్థానం ముందు సాక్ష్యం. చివరికి 1609 నుంచి 1614 దాకా సుమారు మూడు లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. మూడు తరాలుగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లను! కోట మాత్రం జాగ్రత్తగా ఉంది.

అనంతపురం కరువు సీమలో కూచుని గ్రనడా గొడవెందుకయ్యా అనొచ్చు. ఉర్దూ చదువుకున్న ఇళ్లల్లో అందలుస్ పేరెత్తితే ఇప్పటికీ నిట్టూర్పే. ఇక్బాల్ 1933లో ఖుర్తుబా మసీదు చూసొచ్చి రాసిన నజ్మ్ నోటికొచ్చినవాళ్లున్నారు. వాళ్లల్లో పెనుకొండ ఎక్కి చూసినవాళ్లెందరు? పోయిన రాజ్యం కోసం ఏడవడం సులభం. ఉన్న ఊళ్లో మన జాడ మనం చదువుకోవడం దానికన్నా అవసరం.

అందుకే మీ రోజులో ఒక రోజు మాకివ్వండి. అనంతపురం నుంచి బెంగుళూరు దారిలో 70 కిలోమీటర్ల దాకా పోతే పెనుకొండ. 2022లో జిల్లాను విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, కరువు మాత్రం ఉమ్మడిదే.

పొద్దున్నే బస్టాండు దగ్గర ఉగ్గాని తినండి. నానేసి పిండిన బొరుగులు, ఉల్లిగడ్డలు, పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. ఈ ఉగ్గానికి మతమేదని ఎవరూ అడగరు. అడిగితే తమాషాగా ఉంటుంది. ఆ బజ్జీలో మిరపకాయ ఈ దేశానిది కాదు. గ్రనడా పడిపోయిన ఆ 1492లోనే, అదే రాణి పంపగా కొలంబస్ ఓడ కదిలింది. అమెరికా ఖండాల మిరపకాయ అట్లా బయటి ప్రపంచానికి తెలిసింది. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికొచ్చింది 16వ శతాబ్దంలో. మా జిల్లాను బతికించి, చంపి, మళ్లీ బతికించే శెనక్కాయ కూడా దక్షిణ అమెరికాదే.

ఇప్పుడు బాబయ్య దర్గాకు నడవండి. బాబా ఫఖ్రుద్దీన్ 13వ శతాబ్దంలో ఈ కొండకొచ్చాడని దర్గా సంప్రదాయం. ఆ లెక్కన పెనుకొండలో మిరపకాయ కన్నా, శెనక్కాయ కన్నా, విజయనగర రాజ్యం కన్నా బాబయ్య పాతవాడు. మిరపకాయను నీ దేశం పో అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు. మమ్మల్ని మాత్రం అంటారు.

దర్గాలో ఎవరున్నారో చూడండి. చక్కెర చదివించుకోడానికి వచ్చిన బురఖా ఆమె పక్కనే బొట్టు పెట్టుకున్న రైతమ్మ. మొక్కు తీరితే హిందువులే పొట్టేలును తెచ్చి, ముల్లాతో హలాల్ చేయించి, కందూరు చేసి ఊరికి అన్నం పెడతారు. ఆ పిల్లల పేర్లు ఫక్కీరప్ప, బాబయ్య, హుసేనప్ప. నార్పల పక్కన గూగూడులో పీర్లపండుగ కుళ్లాయిస్వామి పేరు మీద కుళ్లాయప్పలు ఎన్ని వేలమందో. కుళ్లాయప్ప అంటే హిందువా, దూదేకులా, సాయిబా? పేరు చూసి చెప్పలేరు. గ్రనడాలో పేరు మార్చుకోమని చట్టం చెయ్యాల్సొచ్చింది. ఇక్కడ జనం ఎవరూ చెప్పకుండానే పేర్లు పంచుకున్నారు.

ఎండ ముదిరేలోపు మిగతావి చూడండి. జైనుల పార్శ్వనాథ బసది. పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి. షేర్ ఖాన్ మసీదు. గగన్ మహల్. ఆ పేరులో సగం సంస్కృతం, సగం అరబ్బీ. కట్టడమూ అంతే, కమానులు, గుమ్మటాలు, పైన గోపురం. కట్టించింది విజయనగర రాజులు.

ఇక్కడే గైడు తళ్లికోట కథ ఎత్తుకుంటాడు. 1565లో తురకలు హంపీని నాశనం చేశారు, తిరుమలరాయలు పెనుకొండకొచ్చి రాజధాని పెట్టుకున్నాడు అని. హంపీ దోపిడీ నిజం. దాన్ని కప్పిపుచ్చే పని మాకు లేదు. కానీ సగం చెప్పి ఆపొద్దు. ఆ యుద్ధంలో అవతలివైపు నిలబడ్డ గోలకొండ ఇబ్రహీం కుతుబ్ షా, అంతకుముందు ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నవాడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిల్చుకున్నది ఆయన్నే. ఇటువైపు రామరాయల సైన్యంలో ముస్లిం సేనానులున్నారు. 1439లో విజయనగర రాజధానిలో అహ్మద్ ఖాన్ అనే ఉద్యోగి మసీదు కట్టించి, తన రాజు దేవరాయలకు పుణ్యం రావాలని శాసనం వేయించాడు. రాజులు రాజ్యాల కోసం కొట్టుకున్నారు, కలిశారు, మళ్లీ కొట్టుకున్నారు. ఆ లెక్కలు తెచ్చి పరుపుల దూది ఏకుకునే మస్తానప్ప దగ్గర వసూలు చెయ్యడం ఏ న్యాయం?

మధ్యాహ్నం రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి తినండి. తింటూ ఆ పెట్టినాయనతో మాట్లాడండి. ‘రైతు’ అంటాడు, అరబ్బీ మాట. ‘ఖరీఫ్ పోయింది, రబీ అన్నా దక్కుతుందో లేదో’ అంటాడు, రెండూ అరబ్బీ మాటలే. కరువు రాసుకునే ‘తహసీల్దారు’లోని ‘తహసీల్’, ఆయన పనిచేసే ‘జిల్లా’ అంతే. స్పెయిన్ రైతు కూడా పొలం కాలువను ఇప్పటికీ ‘అసేకియా’ అంటాడు, అరబ్బీ ‘సాఖియా’ అది. మనుషుల్ని ఓడలెక్కించారు, మాటను ఎక్కించలేకపోయారు.

1992లో స్పెయిన్ ఆ 500 ఏళ్లు తల్చుకుంది. సెవిల్లేలో ఎక్స్‌పో, బార్సిలోనాలో ఒలింపిక్స్. అదే ఏడాది డిసెంబర్ 6న ఇక్కడ బాబ్రీ మసీదు కూల్చారు. 2015లో స్పెయిన్, 1492లో తాను వెళ్లగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వమిస్తానని చట్టం చేసింది. ముస్లింల వారసులకు ఆ మాట లేదు. అదే 2015లో మన దాద్రీలో, ఇంట్లో గొడ్డుమాంసం ఉందన్న పుకారుతో ఒక మనిషిని కొట్టి చంపారు. పళ్లెంలోకి తొంగిచూసి మనిషిని తేల్చే ఆ పాత న్యాయస్థానం ఇంకా మూతపడలేదు.

మమ్మల్ని పొగిడేవాళ్లు కూడా చార్మినార్ బాగుంది, బిర్యానీ బాగుంది అంటారు. సంతోషమే. కట్టడాన్నీ వంటనూ ఉంచుకుని మనిషిని కాదన్న ఊరు ఎట్లుంటుందో గ్రనడాలో చూశాం. పెనుకొండలో కోట పాడుపడింది. మనుషులం మాత్రం ఉన్నాం, మీ ఎదురుగానే బండి పెట్టుకుని. ఉగ్గాని తిన్నాక ఆ సాయిబును మీదే ఊరని అడగొద్దు. ఈ ఏడు వానలెట్లున్నాయని అడగండి.