దుప్పటికి ఎన్ని పుంజములు?

చల్లపల్లి బజారులో దుప్పటి కొనబోయిన ఇల్లాలికి నేడు అంగడివాడు ముందుగా చూపునది గుడ్డ కాదు, దానిని చుట్టిన సంచిమీది అంకె. ఒకదానిపై 200 అనియు, వేరొకదానిపై 400 అనియు, ఇంకొకదానిపై 1000 అనియు అచ్చువేసి యుండును. అంకె పెరిగిన కొలది వెలయు పెరుగును. ఒక చదరపు అంగుళములో పడుగు పోగులు, పేక పోగులు కలిసి ఎన్ని యున్నవో ఆ అంకె తెలుపునని వర్తకుడు వివరించును. ఇది ఏదో పరదేశము నుండి దిగుమతియైన క్రొత్త విద్య యని చాలమంది తలంతురు. కాని పోగుల లెక్కతో గుడ్డకు వెలకట్టు పద్ధతి చల్లపల్లికి ఒక పూట బండి ప్రయాణమంత దూరమున నున్న బందరు రేవునకు ఇంగ్లీషు కంపెనీ నాళ్లలోనే పాతపడిన సంగతి. ఆ లెక్కకు మనవారు పెట్టుకొన్న పేరు పుంజము.

పుంజమును గూర్చి చెప్పుటకు ముందు ఈ సీమకు గుడ్డతో గల చుట్టరికమును కొంచెము జ్ఞాపకము చేసికొనవలెను. చల్లపల్లికి పొరుగున నున్న ఘంటసాల నేడు పొలముల నడుమ ఊరు. పూర్వము అది వర్తక స్థానము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున టాలెమీ అను గ్రీకు భూగోళజ్ఞుడు మైసోలియా దేశమున పేర్కొన్న కంటకోస్సిల అను వర్తక పట్టణము ఘంటసాలయేనని చరిత్రకారులు నిర్ణయించిరి. అంతకు కొంచెము ముందు, మొదటి శతాబ్దమున, పేరు తెలియని గ్రీకు నావికుడొకడు వ్రాసిన ఎర్రసముద్రపు పెరిప్లసు అను గ్రంథమున ఈ తీరమును మసాలియా యని పిలిచి, ఇచట సన్నని నూలుబట్టలు విస్తారముగ తయారగునని చెప్పియున్నాడు. ఈ తీరమున అతడు ఎన్నదగిన సరకుగా గుర్తించినది గుడ్డయే. ముత్యములను గాని మిరియములను గాని ఇచట పేర్కొనలేదు.

దుప్పటి యను మాటలోనే నేత చరిత్ర కొంత దాగియున్నది. రెండు పటములు, అనగా రెండు బట్టలు కలిపినది దుప్పటి. చేతిమగ్గము మీద నేతగాడు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు నాడెను చేతితో విసరి అందుకొనవలెను గనుక గుడ్డ వెడల్పునకు అతని చేతుల చాపే హద్దు. మంచము నిండు గుడ్డ కావలెనన్న రెండు బారులు నేసి నడుమ కుట్టవలెను. నేడు కుట్టు లేని వెడల్పైన గుడ్డను కూడ మనము దుప్పటి యనియే పిలుచుచున్నాము. కుట్టు పోయినను పేరు పోలేదు.

మంచమునకు కప్పు గుడ్డ బందరు నుండి ప్రపంచమునకు పోయినది కూడ చెప్పదగిన ముచ్చట. గోలకొండ సుల్తానుల కాలమున బందరు రేవులో పారసీక వర్తకులు మెండు. మంచమునకు పలంగ్ అనియు, కప్పుదానికి పోష్ అనియు వారి మాటలు. ఆ పలంగ్‌పోష్‌యే ఐరోపావారి నోట పలంపూరుగా మారెను. పెద్ద చెట్టు, దాని కొమ్మలపై పువ్వులు, పక్షులు చిత్రించిన ఆ కలంకారీ దుప్పటులు ఇంగ్లండులోను, హాలండులోను ధనికుల పడకగదులకు అలంకారములాయెను. డచ్చివారు 1605లో బందరునకు వచ్చిరి. ఇంగ్లీషువారి గ్లోబు ఓడ 1611లో వచ్చెను. ఫ్రెంచివారు 1669లో కోఠీ పెట్టిరి. డచ్చివారును, ఇంగ్లీషువారును మొదట ఈ గుడ్డలను తూర్పు దీవులకు గొనిపోయి మిరియములకు, లవంగములకు మారకము చేసిరి. తరువాత స్వదేశములకే పంపసాగిరి. అచటి నేతగాండ్రు గగ్గోలు పెట్టగా ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో ఒక శాసనము, అది చాలక 1721లో మరియొక శాసనము చేసెను. రెండవదానిలో ఒడలిపై ధరించుటయే కాక గృహోపకరణములుగా వాడుట కూడ తప్పాయెను. మంచము మీది దుప్పటిని గూర్చి పార్లమెంటు శాసనము చేయవలసి వచ్చినదనగా ఆ దుప్పటి యెట్టిదో ఊహింపవచ్చును.

ఇట్టి గుడ్డకు నాణ్యము నిర్ణయించుట ఎట్లు? ఇచట పుంజము వచ్చును. పడుగులో 120 పోగుల కట్టకు పుంజమని పేరు. ఉత్తర సర్కారులలో నేతగాడు ఒక గుడ్డకు పెట్టు పడుగును పుంజములలో లెక్కించెడివాడు. 14 పుంజముల గుడ్డ, 18 పుంజముల గుడ్డ, 36 పుంజముల గుడ్డ అని కంపెనీవారి లెక్కలలో గుడ్డలకు ఇవియే పేర్లు. ఇంచుమించు 40 పుంజముల వరకు నేసెడివారు. లెక్క వేసి చూతము. 14 పుంజములనగా 1,680 పోగులు. 36 అనగా 4,320. 40 అనగా 4,800. గుడ్డ వెడల్పు 40 అంగుళములనుకొన్నచో మొదటిదానిలో అంగుళమునకు 42 పోగులు, రెండవదానిలో 108, మూడవదానిలో 120 పడును. పేక కూడ అంతే దట్టముగా పడినచో నేటి సంచిమీది లెక్కలో అది 240 అగును. చేతితో వడికిన నూలుతో, గుంటమగ్గము మీద, దీపపు వెలుతురులో నేసిన గుడ్డ అది.

ఈ లెక్కలో ఒక మెలిక యున్నది. పుంజముల సంఖ్య పడుగులోని మొత్తము పోగులను మాత్రమే చెప్పును. వెడల్పు తగ్గించినచో అవే పుంజములు దట్టముగా కన్పించును. వెడల్పు పెంచినచో పలుచబడును. కావున పుంజములతో పాటు మూరలు, అంగుళములు కూడ ఒప్పందములో ఉండవలసినదే. అంచుల దగ్గర పోగులు ఒత్తుగా పెట్టి నడుమ పలుచగా విడుచుటయు కలదు. మడత పెట్టిన గుడ్డను అంచు పట్టుకొని చూచువాడు మోసపోవును. గంజి దట్టముగా పెట్టిన పలుచని గుడ్డయు చేతికి బరువుగా, గట్టిగా తగులును. ఒక్క ఉతుకుతో దాని గుట్టు బయటపడును. ఇవన్నియు కంపెనీ గుమాస్తాలు ఎరిగినవే. అందుచే వారు తమ గిడ్డంగిలో నమూనా గుడ్డను ఉంచుకొని, వచ్చిన ప్రతి తానును దానితో పోల్చి, మొదటి రకము, రెండవ రకము, మూడవ రకము అని వేరుచేసి, క్రింది రకములకు వెల తగ్గించి, మిగిలినది త్రోసివేసెడివారు.

ఆ గిడ్డంగి గడప దగ్గర నిలిచిన నేతగాని స్థితిని గూర్చి ఒక మాట చెప్పక విడువరాదు. అతడు మధ్యవర్తియైన వర్తకుని వద్ద ముందుగా సొమ్ము తీసికొని నూలు కొన్నవాడు. వెల ముందే నిర్ణయమై యున్నది. ఈ తీరపు మగ్గములకు ప్రత్తి చాలవరకు బీరారు మొదలైన పైసీమల నుండి లంబాడీల ఎద్దులమీద రావలెను. వానలు తప్పి, ప్రత్తి ప్రియమై, బియ్యము ప్రియమైన యేట, వెల కదలని ఒప్పందములో కదల గలిగినది ఒక్కటే: గుడ్డలోని నూలు. పోగులు తగ్గెను, పోగు సన్నగిల్లెను. కోఠీవారు దానిని వంచన యని వ్రాసికొనిరి. మా అభిప్రాయములో అది చాలసారులు వంచన కాదు, ఆకలి. త్రోసివేసిన తాను పరదేశపు కొలతలకు నేసినది గనుక ఊరి సంతలో దానికి గిరాకి యుండదు. తెచ్చిన అప్పు మాత్రము నిలిచియుండును. నాణ్యమును గూర్చిన చరిత్ర వ్రాయువారు కోఠీ కాగితములనే చదువుదురు. నేతగాడు కాగితములు వ్రాయలేదు.

ఆ వర్తకములో పుట్టిన పేర్లు కొన్ని నేటికిని దుప్పటి సంచులపై కలవు. పర్కేలు అని వ్రాసిన మెత్తని, చదునైన దుప్పటులను చూచుచున్నాము గదా! పెర్కాల యను పేరుతో ఈ తీరమునుండి ఓడలకెక్కిన గుడ్డలు కంపెనీ జాబితాలలో నున్నవి; ఆ పేరే ఫ్రెంచివారి వలన పర్కేలు అయి తిరిగి మన బజారునకు వచ్చినది. నరసాపురము దగ్గరి మాధవాయపాలెములో ఇంగ్లీషువారికి కోఠీ యుండెను. ఆ ఊరి పేరు నోరు తిరుగక వారు మదపోలము అనిరి. ఒక విధమైన మెత్తని నూలుగుడ్డకు ఐరోపాలో అదియే పేరైపోయినది. ఊరిని మరచినవారు గుడ్డను మరువలేదు.

మాంచెస్టరు మరగుడ్డ వచ్చిన తరువాతి కథ తెలిసినదే. కంపెనీ గుడ్డ కొనుట మానెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో బందరు ప్రాంతమున ఇంచుమించు 30,000 మంది మరణించిరి. వారిలో నేతగాండ్రు, అద్దకమువారు ఎందరో. మిగిలినవారు మిల్లునూలుతో మగ్గము సాగించిరి. దానితో పుంజముల లెక్క ప్రక్కన నూలు నంబరు లెక్క వచ్చి చేరెను. ఒక పౌను బరువులో 840 గజముల చిలపలు ఎన్ని తూగునో అదియే నంబరు. 40వ నంబరు నూలు పౌనుకు 33,600 గజములు. నంబరు పెరిగిన కొలది నూలు సన్నము.

ఇపుడు సంచిమీది 1000కి వత్తము. పోగుకు దళసరి యున్నది గనుక అంగుళములో ఎన్ని పోగులు పట్టునో దానికి హద్దు కలదు. ఆ హద్దును దాటిన అంకె వచ్చుటకు ఉపాయము సులభము: రెండు మూడు పేటలు కలిపి పురిపెట్టిన దారమును ఒక పోగుగా గాక, రెండు మూడుగా లెక్కించుట. 250 పోగుల గుడ్డ ఆ విధముగ 500 అగును. పురిపెట్టిన దారమును ఒక్కటిగనే లెక్కించుట పరిశ్రమలో వాడుక. 2005లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడ ఇట్లు పెంచిన అంకె కొనువారిని పొరబాటు పడవేయవచ్చునని అభిప్రాయము తెలిపినది. బందరు గిడ్డంగిలో నేతగాడు పోగు తగ్గించెనని నేరము మోపిరి. ఇపుడు లేని పోగును లెక్కలో నేయుచున్నారు. రెంటిలో ఏది పెద్దదో పాఠకులే చెప్పవలెను.

అంకెను ప్రక్కకు పెట్టి గుడ్డను ఎట్లు చూడవలెను? మడత విప్పి వెలుతురునకు ఎత్తి చూడుడు. నడుమ, అంచులు ఒకే తీరుగా నున్నవా, పేకలో పలుచని అడ్డచారలు కలవా తెలియును. రెండు బొటనవ్రేళ్లతో గుడ్డను ప్రక్కలకు లాగినపుడు పోగులు జరిగి సందులేర్పడినచో నేత వదులు. గోటితో గీరినపుడు తెల్లని పొడి రాలినచో అది గంజి. పెడనలో కలంకారీ అద్దువారు ఈ సంగతి అందరికంటె బాగుగ ఎరుగుదురు: గుడ్డలోని గంజి పూర్తిగ పోనిదే కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవము సమముగ ఇంకదు, అది ఇంకనిదే రంగు నిలువదు. నూలు స్వచ్ఛమైనదా, కృత్రిమపు పోగు కలిసినదా యని సందేహమున్నచో అంచు నుండి ఒక పోగు తీసి కాల్చి చూడవచ్చును. నూలు కాగితము కాలిన వాసన వేసి బూడిదయగును. పాలియెస్టరు కరగి నల్లని పూసవలె గట్టిపడును. కలిపి నేసినది త్వరగా ఆరును, ముడుతలు పడదు; ఆ సుగుణమును కాదనలేము. కాని కోస్తా వేసవిలో చెమటను పీల్చుకొనదు. మన యెండలకు మరీ సన్నని నేతకన్న 40, 60 నంబరు నూలుతో గట్టిగా నేసిన సాదానేత మేలని మా తలంపు. చాకిరేవు బండకు, సబ్బునకు అదియే ఓర్చును.

చేనేత దుప్పటిని గుర్తించుటకు వేరొక ఆనవాలు కలదు. గుడ్డ వెడల్పు ముడుచుకొనకుండ నేతగాడు మగ్గము మీద అడ్డముగ ఒక కర్రను బిగించును. దాని సూదుల గుర్తులు రెండు అంచుల వెంబడి సన్నని రంధ్రములుగ నిలిచియుండును. 1985నాటి చేనేత రిజర్వేషను చట్టమున దుప్పటియు చేనేతకు కేటాయించిన వస్తువుల పట్టికలో నున్నది. 2006 నుండి చేనేత ముద్రయు వచ్చినది. ముద్ర నున్నను లేకున్నను అంచును వెలుతురులో చూచుట మంచిది.

కొని తెచ్చిన దుప్పటిని ఆ పూటనే పరుపుమీద పరువక, ఒక రాత్రి చన్నీటిలో నానవేసి, మరునాడు ఉతికి ఆరవేసి, పొడవు వెడల్పులు మరల కొలువవలెను. గంజి పోయి, ముడుచుకొనవలసినంత ముడుచుకొనిన తరువాత మిగిలినదే మనము వెలపెట్టి కొన్న గుడ్డ.