చెకుముకి పిస్తోలు చెప్పే మన చరిత్ర



మన తాతముత్తాతలు చరిత్రను కాగితాల మీద రాసిపెట్టలేదు. అది పాటల్లో, నగల్లో, ఇనుప సామానులో మిగిలింది. అందుకే ఇంటి అటక మీద తుప్పుపట్టిన పాత తుపాకీనో, పిస్తోలునో కనిపిస్తే పాత ఇనుము కింద అమ్మేయకండి.

మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. ఆ లదేణీని దొంగల నుంచి కాపాడుకోవడానికి కత్తులు, బల్లేలు, వత్తి తుపాకులు వెంట ఉంచుకునేవారు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికి, 1803లో మరాఠాలతో పోరాడిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యానికి గింజలు చేరవేసిన వాళ్లలో బంజారాలు ముఖ్యులు. ఆ రోజుల్లోనే నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ ఉండేవాడు. హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు అతని ఫిరంగుల కార్ఖానా వల్లే వచ్చింది. సైన్యాల చేతుల్లో అప్పుడున్నవి చెకుముకి తుపాకులు.

పాత ఆయుధం వయసు తెలియాలంటే ముందు లాక్ చూడాలి. ట్రిగ్గర్‌కు పైన, పక్కగా ఉండి నిప్పు పుట్టించే భాగం అది. వెలిగే వత్తిని పట్టే కొక్కెం ఉంటే వత్తి తుపాకీ. రాయిని బిగించే రెండు దవడలు, ఎదురుగా ఉక్కు పలక, కింద మందు పోసే చిన్న గిన్నె ఉంటే చెకుముకి రకం. గిన్నె లేకుండా, మందు టోపీ తొడిగే చిన్న మొన ఉంటే ఇంకా తర్వాతిది. బ్రిటిష్ సైన్యం 1840 ప్రాంతంలో ఈ రకానికి మారింది.

రకం ఒక్కటే చూసి ఏడు తేల్చకూడదు. వత్తి తుపాకులు మన దేశంలో పందొమ్మిదో శతాబ్దంలోనూ నడిచాయి. ముద్రలు కూడా చూడాలి. ఈస్టిండియా కంపెనీ లాక్‌ల మీద మొదట గుండె ఆకారపు గుర్తు, 1808 ప్రాంతం నుంచి ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డ సింహం కనిపిస్తాయి. కొన్నింటి మీద ఏడు కూడా చెక్కి ఉంటుంది. ముద్రను నకలు చేసిన నాటు పనితనమూ ఉంది కాబట్టి చివరి మాట నిపుణులదే.

బాగుచేయడమంటే మళ్లీ పేలేలా చేయడం కాదు. గరుకు కాగితంతో రుద్దినా, నిమ్మరసం, ఆసిడ్ పోసినా తుప్పుతో పాటు ముద్ర పోతుంది. ముద్ర పోతే సాక్ష్యం పోయినట్టే. గొట్టంలో పాత మందు ఉండిపోవచ్చు, అది ఇప్పటికీ అంటుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కకండి, వేడి తగలనివ్వకండి. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చింది మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకే. కాబట్టి పెద్దలతో కలిసి పోలీసులకు, రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయండి.

ఆలోగా ఒక పని మీరే చేయొచ్చు. అది ఎవరిది, ఏ తండా నుంచి ఎవరి వెంట వచ్చింది అని నాయనమ్మను, తాతను అడిగి, వాళ్లు గోర్ బోలీలో చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ఇనుము ఇంకో వందేళ్లు ఆగుతుంది. వాళ్ల జ్ఞాపకం ఆగదు.