వేలిముద్ర నుంచి 150 మార్కుల దాకా

పల్నాడులో మార్చి వచ్చిందంటే మిరప కోతలు ముమ్మరంగా సాగుతుంటాయి. గురజాల, మాచర్ల వైపు ఊళ్లలో ఆడవాళ్లు తెల్లారకముందే సద్ది కట్టుకుని ఆటో ఎక్కితే, ఇల్లు చేరేది పొద్దుగూకాకే. సాక్షర భారత్ కార్యక్రమం వయోజనులకు పరీక్ష పెట్టిన నెలలు మార్చి, ఆగస్టు. పగలంతా కాయ కోసి మంట పుట్టిన వేళ్లతో పెన్ను పట్టాల్సి వచ్చేది. ఎవరి చదువును కొలుస్తున్నామో వాళ్ల పనిరోజులేమిటో మన వయోజన విద్య పట్టించుకున్నది తక్కువ.

ఈ కొలతలకు పెద్ద చరిత్రే ఉంది. జనగణన లెక్కలో ఏడేళ్లు నిండినవారు ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితే అక్షరాస్యులు. అయితే గణకులు ఎవరి చేతా చదివించి చూడరు, ఇంట్లోవాళ్లు చెప్పిందే రాసుకుంటారు. 2011లో పల్నాడు కలిసివున్న నాటి గుంటూరు జిల్లాకు 67.40 శాతం వచ్చింది ఈ లెక్కతోనే.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. అయిదేళ్లలో 10 కోట్ల మందికి చదువు చెప్పాలన్నది లక్ష్యం. 1988లో వచ్చిన జాతీయ అక్షరాస్యతా మిషన్ కచ్చితమైన ప్రమాణాలు పెట్టింది. నిమిషానికి 30 పదాలు పైకి చదవాలి, చూసి 7 పదాలు, చెబితే 5 పదాలు రాయాలి. మూడు వాచకాలు, తొమ్మిది పరీక్షలు. ఊరికే సంతకం నేర్పి అక్షరాస్యులైపోయారని రాసుకునే అలవాటుకు ఇది అడ్డుకట్ట వేసింది. ఆ మేలును కాదనలేం.

కానీ పదాన్ని కొలతగా తీసుకోవడంలోనే తెలుగుకు చిక్కుంది. ‘చదువుకోలేకపోయింది’ అన్నది మనకు ఒకే పదం. హిందీలో అదే మాటకు మూడు నాలుగు పదాలు పడతాయి. పదాల వేగం రెండు భాషలకూ ఒకే కొలత ఎలా అవుతుంది?

నెల్లూరు చెప్పిన పాఠం ఇంకా పెద్దది. అక్కడి అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో సారా వల్ల చితికిపోయిన ఇంటి కథ, ‘సీతమ్మ కథ’, ఒక పాఠం. అది చదివి, చర్చించుకున్న దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం ఇచ్చిన అతి పెద్ద ఫలితం ఇదే. తొమ్మిది పరీక్షల్లో దేనిలోనూ దీనికి మార్కులు లేవు.

2009 సెప్టెంబరు 8న మొదలైన సాక్షర భారత్ 300 గంటల చదువు తర్వాత 150 మార్కుల పరీక్ష పెట్టింది. చదవడానికి, రాయడానికి, లెక్కలకు తలా 50. నేటి వయోజన విద్యా కార్యక్రమం ఉల్లాస్ పరీక్షకూ అవే 150 మార్కులు. ఆ లెక్కల మార్కుల పక్కన మిరప చేలో వారం కూలి లెక్క పెట్టి చూడండి. ఆరు రోజుల కూలిలోంచి ముందు వాడుకున్న డబ్బు తీసేసి, ఆటో చార్జీ పోగా చేతికెంత రావాలో గట్టు మీదే నోటితో తేల్చి చెప్పే మనిషి, అదే తీసివేతను కాగితం మీద పెడితే తడబడుతుంది. ఆమెకు రానిది లెక్క కాదు, దాన్ని కాగితం మీద పెట్టే తీరు. ఆ తేడా మార్కుల్లో కనబడదు.

పరీక్ష ఆ ఒక్క రోజుతో సరి. తర్వాత ఊళ్లో చదవడానికేమీ దొరక్కపోతే నేర్చిన అక్షరం మరుగున పడుతుంది. పైగా ఇప్పుడు రేషన్‌కూ పింఛనుకూ మళ్లీ వేలే పెట్టమంటున్నారు. నేర్చిన సంతకానికి పని తగ్గింది.

పరీక్ష వద్దని నేననను. అదొక్కటే సాక్ష్యం కాకూడదంటాను. కోతలు అయ్యాక పరీక్ష పెట్టండి. ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి పొదుపు సంఘం పాస్‌బుక్కు, ఉపాధి హామీ జాబ్‌ కార్డు ఆమె చేతే చదివించండి. అందులో తప్పు పడితే తానే పట్టుకుని అడగగలిగిన నాడు ఆమె పాసైనట్టు.