బదిలీ ఆగదు, సర్వీసు నిలవదు: సైనిక కుటుంబాల్లో ఉపాధ్యాయినుల వృత్తిజీవితం

సైనికుడి భార్యకు ఉపాధ్యాయ వృత్తి బాగా కుదురుతుందన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉంది. ఏ ఊరికి పోస్టింగ్ వచ్చినా అక్కడ బడి ఉంటుందనీ, బడి ఉన్నచోట పంతులమ్మకు పని దొరుకుతుందనీ దీని వెనకున్న తర్కం. కాని పని దొరకడమూ వృత్తిలో ఎదగడమూ ఒకటి కావు. సైన్యం, కుటుంబం రెండూ మనిషి సమయాన్నీ విధేయతనూ పూర్తిగా కోరే సంస్థలని అమెరికన్ సామాజికవేత్త మేడీ సీగల్ 1986లో వాదించారు. ఆ రెంటి నడుమ ఉపాధ్యాయిని ఉద్యోగం వెతుక్కోగలుగుతుంది గాని సర్వీసును కూడబెట్టుకోలేకపోతోంది. పిల్లల చదువు తెగకుండా మనం కట్టిన వ్యవస్థ టీచరు సర్వీసును పట్టించుకోకపోవడమే దీనికి ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

బదిలీలు పిల్లల చదువును దెబ్బతీస్తాయని కేంద్ర ప్రభుత్వం ఎన్నడో గుర్తించింది. రెండవ వేతన సంఘం సిఫారసు మీద 1962 నవంబరులో కేంద్రీయ పాఠశాలల పథకానికి ఆమోదం లభించింది. 1963-64లో 20 రెజిమెంటల్ బడులతో అది మొదలైంది. అన్నిచోట్లా ఒకే సిలబస్ కావడంతో సికింద్రాబాదులో ఆరో తరగతి ముగించిన పిల్ల పఠాన్‌కోట్‌లో ఏడో తరగతిలో చేరగలుగుతుంది. ఆమె తల్లి టీచరైతే ఈ సౌలభ్యం సగమే దక్కుతుంది. 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ కింద 130కి పైగా ఆర్మీ పబ్లిక్ స్కూళ్లున్నాయి. వాటికి దేశమంతటా ఒకటే స్క్రీనింగ్ పరీక్ష. ఆ స్కోర్ కార్డు ఏ ఊళ్లోనైనా చూపించుకోవచ్చు. అయితే ఖాళీ, ఇంటర్వ్యూ, నియామకం మాత్రం ఏ బడికాబడివే. పదేళ్లు పాఠం చెప్పినావిడ కూడా కొత్త ఊళ్లో తాత్కాలిక పోస్టుతో సరిపెట్టుకోవలసి రావచ్చు.

రాష్ట్ర ప్రభుత్వ బడుల దారి మరీ ఇరుకు. టెట్ ధ్రువపత్రం జీవితకాలం చెల్లేలా 2021లో మార్పు వచ్చింది గాని, తెలుగు రాష్ట్రాల్లో డీఎస్సీ పోస్టు జిల్లాకూ స్థానికతకూ ముడిపడి ఉంటుంది. అంత కష్టపడి సంపాదించిన ఉద్యోగాన్ని భర్త వెంట వెళ్తే వదులుకోవాలి; నిలుపుకుంటే కాపురం రెండుచోట్ల. భార్యాభర్తలను వీలైనంతవరకు ఒకేచోట నియమించాలన్న కేంద్రం 2009 సెప్టెంబరు 30 నాటి ఉత్తర్వు ఉన్నా, భర్త వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు రాష్ట్ర సర్వీసులోని టీచరుకు దానివల్ల ఒరిగేది తక్కువ.

రెండేళ్లలో వెళ్లిపోయే టీచరు వల్ల తరగతి నష్టపోతుంది కదా అన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. బోధనలో నిలకడకు విలువ ఉంది. అయితే ఆ తరగతిలో పిల్లలు కూడా బదిలీలమీద వచ్చిపోయేవాళ్లే. విద్యాసంవత్సరం మధ్యలో చేరిన పిల్లవాడి బెరుకునూ, పాఠాల్లో వెలితినీ ఇంటి అనుభవంతో పోల్చుకోగలగడం ఈ ఉపాధ్యాయినికి అదనపు బలం. ఆమె వృత్తికి ప్రత్యేక లక్ష్యం కూడా ఇక్కడే ఏర్పడుతుంది. సైనికుల భార్యలకు ప్రాధాన్యమిస్తే పౌర అభ్యర్థులకు అన్యాయమన్నది రెండో అభ్యంతరం. ఇక్కడ కోరుతున్నది కోటా కాదు. ఎంపిక పోటీలోనే జరగాలి. ఎంపికైన వ్యక్తి మునుపు చేసిన సర్వీసు మాత్రం జీతంలోనూ సీనియారిటీలోనూ లెక్కకు రావాలి. అమెరికాలో 2023 జనవరిలో వచ్చిన చట్ట సవరణ, సైనిక ఉత్తర్వుల మీద రాష్ట్రం మారిన జీవిత భాగస్వామి వృత్తి లైసెన్సు కొత్త రాష్ట్రంలోనూ కొన్ని షరతులతో చెల్లేలా చేసింది. అది సీనియారిటీ జోలికి పోలేదు గాని, బదిలీ భారాన్ని చట్టం పంచుకోగలదని చూపింది.

మన దగ్గర మొదటి అడుగు వేయడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ఒకే సొసైటీ కింద నడిచే బడులన్నిటికీ ఉమ్మడి సర్వీసు రిజిస్టరు పెట్టి, ఒక బడిలో చేసిన సంవత్సరాలను మరో బడి గుర్తించేలా నిబంధన రాస్తే చాలు. పిల్లల టీసీకి ఆరు దశాబ్దాలుగా ఇస్తున్న విలువను టీచరు అనుభవానికీ ఇవ్వవలసిన బాధ్యత రక్షణ విద్యాసంస్థలదే.